రెండు ఫోన్ల నడుమ నియత్ వలీ

జర్మనీని చాన్సలర్ పాలిస్తారని పేపర్లలో రాస్తారు. డెగ్గెన్‌డార్ఫ్‌లో మేముండే బిల్డింగును మాత్రం హౌస్‌మైస్టర్ పాలిస్తాడు. కొళాయి కారినా ఆయనే, మెట్ల మీద బల్బు పోయినా ఆయనే, కాగితాల డబ్బాలో అరటితొక్క కనబడితే అది ఎవరి వంటింటిదో వాసన చూసి చెప్పేదీ ఆయనే. మా హౌస్‌మైస్టర్ పేరు నియత్ వలీ. అరవై దాటిన మనిషి. ఎండాకాలంలోనూ ఉన్ని టోపీ తీయడు. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ విన్న పాపాన పోలేదు. చెత్త తప్పు డబ్బాలో వేసినవాళ్ళను కూడా ఆయన తిట్టడు, వాళ్ళ తలుపు దగ్గర నిలబడి బాధపడతాడు. అది తిట్టుకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

కరోనా వచ్చిన కొత్తలో ఈ దేశంలోని ధనవంతులూ చదువుకున్నవాళ్ళూ ఆలోచించి ఆలోచించి టాయిలెట్ పేపరంతా కొని దాచుకున్నారు. ఇంత గొప్ప దేశానికి అంత గొప్ప కష్టం వచ్చినప్పుడు అదే ముందు గుర్తొచ్చింది మరి. మాకు దొరకలేదు. ఒకరోజు పొద్దున గుమ్మం ముందు రెండు చుట్టలు పెట్టి ఉన్నాయి. బెల్లు మోగలేదు. మెట్లు తుడుస్తున్న వలీ చాచాను అడిగాను, ఎవరు పెట్టారని.

"హౌస్‌మైస్టర్‌కు తెలియదు బేటీ" అన్నాడు, మాస్కు సరిచేసుకుంటూ.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆయన పేరు చెప్పుకున్నాను. అప్పటికి మా చర్చి జూమ్‌లోకి మారింది. పాస్టరుగారు ఆ ఆదివారం అరగంట మ్యూట్‌లో ప్రార్థించారు. ఆమెన్ ఒక్కటే అందరికీ వినబడింది. దేవుడికి మొత్తం వినబడే ఉంటుందని నా నమ్మకం.

చాచాతో నేను మాట్లాడేది హిందీ. మా ఊరి బడిలో నేర్చుకున్న హిందీ. ఆయన ఉర్దూ దానికన్నా కొంచెం నయం. ఇద్దరికీ సొంతం కాని భాషలో మాట్లాడుకోవడంలో ఒక సుఖముంది, ఎవరి తప్పులు ఎవరూ పట్టరు.

"మీ ఇంటి భాష ఉర్దూ కాదా చాచా?" అని ఒకసారి అడిగాను.

"షినా" అన్నాడు. "నువ్వు వినలేదు. ఫరవాలేదు, ఎవరూ వినలేదు."

ఈ ఊరి ఆఫీసులో ఆయన మొట్టమొదట పేరు రాయించుకోవడానికి వెళ్ళినప్పుడు మాతృభాష ఏదని అడిగారట. షినా అన్నాడట. ఆ ఉద్యోగి పుస్తకంలో వెతికి, లేదని తేల్చి, "ఉర్దూ అని రాస్తాను, దగ్గరిదేగా" అన్నాడట.

"మీరేమన్నారు?"

"దగ్గరిదే, మీకు ఇటలీ భాష దగ్గరైనట్టు అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి ఉర్దూ అని రాశాడు. నలభై ఏళ్ళుగా ఈ దేశంలో నేను ఉర్దూవాణ్ణి."

అలా ఆ శీతాకాలమంతా, లాక్‌డౌన్ పుణ్యమా అని, మెట్ల దగ్గర మీటరున్నర దూరంలో నిలబడి ఆయన చెబుతుంటే ఆ భాష సంగతి కొంత తెలిసింది. నంగా పర్బత్ అని ఒక పెద్ద మంచుకొండ ఉంది. జర్మన్లకు ఆ కొండంటే ప్రాణం, ఎక్కడానికి వెళ్ళి ప్రాణాలు కూడా ఇచ్చారు. దాని చుట్టూ ఉన్న లోయల్లో, గిల్గిత్‌లో, అస్తోర్‌లో, చిలాస్‌లో మాట్లాడేది షినా. అక్కడితో ఆగదు. సరిహద్దు దాటి మన వైపు గురేజ్‌లో, ద్రాస్‌లో కూడా అదే మాట. కశ్మీరీకి దూరపు చుట్టం. లోయ లోయకూ యాస మారుతుంది. గొంతు ఎక్కడ ఎత్తుతామో ఎక్కడ దించుతామో దాన్నిబట్టి మాటకు అర్థమే మారిపోతుందట. పాతవాళ్ళు ఇరవైల్లో లెక్కపెడతారు. పాటలకూ కథలకూ కొదవలేదు, రాయడమే ఆలస్యంగా మొదలైంది. ఉర్దూ అక్షరాలకు అదనంగా చుక్కలు పెట్టి రాస్తారు. ఏ చుక్క ఎక్కడ పెట్టాలన్నది పండితులు తేల్చేలోగా పిల్లలు ఉర్దూలోనో ఇంగ్లీషులోనో పరీక్షలు రాసి ఉద్యోగాలకు వెళ్ళిపోతున్నారు.

"మీ తెలుగు ఎంతమంది మాట్లాడతారు?" అని అడిగాడు.

"కోట్లమంది చాచా."

"అబ్బో! అయితే మీకు టీవీ ఉంటుంది."

"ఒకటా! చానళ్ళు లెక్కలేనన్ని."

"మరి మీ పిల్లలు తెలుగులో మాట్లాడతారా?"

నేను మాస్కు సవరించుకున్నాను. మాస్కు వల్ల అలాంటి ఉపయోగాలున్నాయి.

ఆయన ఇక్కడికి వచ్చిన కథ పెద్దదేమీ కాదు. కుర్రతనంలో కొండెక్కే జర్మన్ల జట్లకు వంట చేసేవాడు. ఒక జట్టులోని డాక్టరు ఈయన రొట్టెలు తిని, ఇంత ఎత్తులో ఇలా వండేవాడు కింద ఇంకెలా వండుతాడో అని వెంట తీసుకొచ్చాడు. కింద ఆ రొట్టెలు అంత బాగా రాలేదు. డాక్టరు మంచివాడు కాబట్టి వెనక్కి పంపలేదు, ఈ బిల్డింగులో పని చూపించాడు. పెళ్ళాడిన జర్మన్ మనిషి చనిపోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. కొండ మీది వంటవాడు బవేరియాలో హౌస్‌మైస్టర్‌గా స్థిరపడ్డాడు.

మా వంటింటి కిటికీలోంచి చూస్తే చెత్తడబ్బాల పెరడు కనబడుతుంది. నేను పనిచేసే వృద్ధాశ్రమం వంటశాలలో శుక్రవారం నాకు సెలవు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం చాచా అక్కడికొచ్చి, నీలం డబ్బా మూత శుభ్రంగా తుడిచి, దాని మీద రెండు ఫోన్లు ఎదురెదురుగా పడుకోబెట్టేవాడు. రెండూ పాతవి. రెంటికీ స్పీకర్లు పెట్టేవాడు. తర్వాత పక్కనున్న బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఫోన్ల లోంచి ఇద్దరు ముసలమ్మలు పోట్లాడుకునేవారు.

మొదట్లో నాకు భయమేసింది. తర్వాత తెలిసింది. ఒక ఫోనులో చాచా తల్లి, అస్తోర్‌లో. రెండో దానిలో ఆవిడ చెల్లెలు, మన లెక్కలో చాచాకు పిన్ని, గురేజ్‌లో. దేశం ఒక్కటిగా ఉన్న రోజుల్లో చిన్నదాన్ని గుర్రమెక్కించి, బుర్జిల్ కనుమ దాటించి గురేజ్‌లో పెళ్ళి చేసి పంపారు. వేసవిలో పుట్టింటికి వద్దువుగానిలే అన్నారు. ఇంతలో పెద్దవాళ్ళు కూర్చుని మ్యాపు మీద గీత గీశారు. గీత సరిగ్గా ఆ వేసవికీ పుట్టింటికీ మధ్య పడింది. ఆ ఊరి నుంచి ఈ ఊరికి ఫోను కలవదు. జర్మనీ నుంచి రెండూళ్ళకూ కలుస్తుంది. కాబట్టి అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోవాలంటే డెగ్గెన్‌డార్ఫ్ చెత్తడబ్బా మీదుగా రావాలి. లోకంలో రాయబార కార్యాలయాలు చాలా ఉన్నాయి గానీ ఇంత పని చేసింది నేనింకొకటి చూడలేదు.

"అన్నాళ్ళ తర్వాత మాట్లాడుకుంటూ పోట్లాట దేనికి చాచా?"

"మేక గురించి. పిన్ని పెళ్ళికి తెల్లచెవుల మేక ఇస్తామన్నారట. ఇవ్వకుండా మా అమ్మ దాచుకుందట."

"ఇప్పటికీనా?"

"ఏడిస్తే ఫోనులో మాట తెలియదు బేటీ. తిడితే ప్రతి మాటా తెలుస్తుంది." ఆగి, నెమ్మదిగా అన్నాడు. "ఇంకోటి కూడా ఉంది. సరిహద్దులో పోలీసులో సైన్యమో వింటున్నారనుకో, మేక గోల ఎంతసేపు వింటారు? ఊరి పేరు చెప్పరు, మనిషి పేరు చెప్పరు. అందుకే రెండు ఫోన్లు. అటు నంబరు ఇటు తగలకూడదు. మధ్యలో నేనుండాలి."

మనవాళ్ళకు ఒక గుణముంది. ఎదుటివాడికి ఇబ్బంది ఉంటే చూస్తూ ఊరుకోలేరు. ఇబ్బంది లేకపోతే అసలే ఊరుకోలేరు. మూడో అంతస్తులో అబ్దుల్ ముఖీత్ అని హైదరాబాదు కుర్రాడు, కాలేజీ చదువు. బంగారం లాంటి పిల్లాడు, నా సామాను సంచీ కనబడితే చేతిలోంచి లాక్కుని మేడెక్కేవాడు. కరోనా వచ్చిన రెండో ఏడు వసంతం. గురేజ్ వైపు నెట్ కాస్త అందుతోందనీ, పిన్నిగారి మనవడు బషీర్ వాట్సాప్ పెట్టుకున్నాడనీ చాచా సంతోషంగా చెప్పాడు. అదే తప్పయింది.

"ఏంది చాచా, డబ్బా మీద ఫోన్లు పెట్టి సర్కస్! ఇటియ్యి, రెండు నిమిషాల్ల సెట్ చేస్తా" అన్నాడు ముఖీత్.

"వద్దు బేటా, ఇలాగే బాగుంది."

"అరే, ఏం బాగుంది? సగం మాటలు గాలికి పోతున్నయ్. మీరు గమ్మున కూసోండి."

మా ఆయన జయసాగర్ కూడా అక్కడే ఉన్నాడు. ఆయనా తెలుగువాడే కదా, ఊరుకోలేదు. "చెయ్యనివ్వండి చాచా, కంప్యూటర్ చదువుతున్నాడు వాడు" అన్నాడు.

ముఖీత్ గ్రూపు పెట్టాడు. మనవాళ్ళు ఇద్దరు ఒకచోట నిలబడితే గ్రూపు పుడుతుంది, ఇది మనకు తెలిసిందే. దాని పేరు 'షినా ఫ్యామిలీ'. బొమ్మగా రెండు దేశాల జెండాలు పెట్టాడు, మధ్యలో గుండె గుర్తు. ఒక మేక కూడా. అస్తోర్ నంబరు, గురేజ్ నంబరు పక్కపక్కన చేర్చి 'వెల్‌కమ్ ఆల్' అని రాశాడు. ఏడు దశాబ్దాలుగా పెద్ద పెద్ద నాయకులు చేయలేని పని మా మూడో అంతస్తువాడు రెండు నిమిషాల్లో చేసేశాడు.

మూడో నిమిషంలో బషీర్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. నాలుగో నిమిషానికి అతని ఫోను ఆగిపోయింది.

చాచా ఫోన్లు రెండూ తీసుకుని, డబ్బా మూత మళ్ళీ తుడిచి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన అలా తుడవడం చూశాక ముఖీత్‌కు విషయం కొద్దికొద్దిగా ఎక్కింది.

"అక్కా, నేను మంచికే చేసిన కదా" అన్నాడు నాతో.

"మంచికే చేశావు నాయనా. మనమందరం మంచికే చేస్తాం."

"ఇంకో గ్రూపు పెట్టి సారీ చెప్పనా?"

ఆ పిల్లాడి మీద ప్రభువు కృప ఉండాలి. ఫోను జేబులో పెట్టుకోమన్నాను.

తర్వాతి శుక్రవారం గురేజ్ ఫోను మోగలేదు. ఆ పై శుక్రవారమూ లేదు. ఈలోగా మన దేశంలో రెండో విడత మొదలైంది. టీవీలో మంటలు, ఆక్సిజన్ కోసం పరుగులు. మా తెలుగువాళ్ళ గ్రూపులో ఆవిరి పట్టేవాళ్ళు, కషాయం కాచేవాళ్ళు, 'ఫార్వర్డ్ చేయండి, ఒక ప్రాణం నిలుస్తుంది' అనేవాళ్ళు తీరిక లేకుండా ఉన్నారు. చాచాకు మాత్రం ఒకటే ఫోను, అస్తోర్ నుంచి. తమ్ముడి భార్య చేసేది.

"అమ్మ రొట్టె ముట్టడం లేదట" అన్నాడు చాచా ఒకరోజు మెట్ల దగ్గర. "చెల్లెలు పోయింది, నా దగ్గర దాస్తున్నారు అంటోందట. టీ మాత్రం గుక్కెడు తాగుతోంది."

"డాక్టరుకు చూపించారా?"

"చూపించారు. ఒంట్లో ఏమీ లేదన్నాడు. తినమని చెప్పాడు. అది మాకు తెలియదు పాపం, బోలెడు చదివినవాడు చెబితే తెలిసింది." ఆయన వెటకారం చేయడం నేను వినడం అదే మొదలు. ఎంత కష్టంలో ఉన్నాడో దానితో అర్థమైంది.

పై అంతస్తుల్లోనివాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. ఒకామె సూపు తెచ్చి ఆయన తలుపు పిడికి తగిలించింది. కింది ఇంటి ఫ్రావ్ కెర్న్, మా బిల్డింగులో ఎవరి మీదైనా ఫిర్యాదు రాయగల సమర్థురాలు, ఆ నెల ఒక్క ఫిర్యాదూ రాయలేదు. ముఖీత్ పొద్దున్నే లేచి ఆయన కన్నా ముందు మెట్లు తుడిచేసేవాడు. మూలలు వదిలేసేవాడు. చాచా ఆ మూలలు తర్వాత, ఎవరూ చూడకుండా, తుడుచుకునేవాడు.

చివరికి ఒక శుక్రవారం బషీర్ చేశాడు, వేరే ఎవరిదో ఫోను నుంచి. నాయనమ్మకు జ్వరం వచ్చి తగ్గిందట. బతికే ఉంది, మంచం దిగి తిరుగుతోంది. గ్రూపు సంగతి ఎవరో వచ్చి అడిగారట, ఏదో చెప్పుకుని బయటపడ్డాడట. ఇకమీదట ఫోన్లు ఎదురెదురుగా పెట్టే పని లేదు, ఆవిడ గొంతు అటు వెళ్ళకూడదు, అటు గొంతు ఇటు రాకూడదు. "జర్మనీ నుంచి నువ్వొక్కడివే మాట్లాడు కాకా. దానికి ఎవరూ కాదనరు" అన్నాడట.

చాచా పొంగిపోయి పిన్నితో మాట్లాడాడు. తల్లి తిండి మానేసిందని చెప్పాడు. పిన్ని ఊరుకుంటుందా, చెప్పవలసిందంతా చెప్పింది. ఆ వెంటనే బెంచీ మీద కూర్చుని అస్తోర్‌కు చేశాడు. నేను కిటికీలో కూరగాయలు తరుగుతున్నాను. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా వినబడింది. ఫోను పెట్టేశాక ముఖం చూస్తే పొంగు లేదు.

"నమ్మలేదు" అన్నాడు. "పిన్ని బాగుంది, నీ క్షేమం అడిగింది, అల్లా నీకు ఆయుష్షివ్వాలంది అని చెప్పాను. అమ్మేమో, అయితే చెల్లెలు నిజంగానే పోయింది, బతికుంటే అలా అంటుందా అంది. నలభై ఏళ్ళు పరాయి దేశంలో ఉండి అబద్ధమాడటం కూడా మర్యాదగా నేర్చుకున్నావురా అంది."

"పిన్నిగారు నిజంగా ఏమన్నారు?"

చాచా అటూ ఇటూ చూశాడు. "ఆ ముసలి దొంగను అడుగు, మేకను మింగి అరగక ఇప్పుడు ఉపవాసమా అంది. పళ్ళు ఊడినా బుద్ధి రాలేదా అంది. ఇంకా అంది. నేను ఎలా చెప్పను బేటీ? మా ఇంట్లో అమ్మ ముందు కొడుకు గొంతెత్తడు. మా నాన్న నోట కూడా నేను వినలేదు."

"చాచా, మా దగ్గర కూడా కన్నతల్లిని తిట్టమని ఎవరూ చెప్పరు. నేనూ చెప్పను. కానీ అవి మీ మాటలు కావు కదా. ఆవిడవి. మీరు మోసుకెళ్తున్నారంతే."

"బరువులు చాలా మోశాను, కొండల మీద" అన్నాడాయన. "ఇంత బరువు మోయలేదు."

మర్నాడు నేను పొద్దుటి డ్యూటీ నుంచి వచ్చి కిటికీ దగ్గర ఉండగా, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చాచా పెరట్లోకి వచ్చాడు. మా బిల్డింగులో ఆ వేళ రూహెట్సైట్. అంటే నిశ్శబ్దం పాటించే సమయం, మేకు కొట్టకూడదు, పిల్లలు బంతి ఆడకూడదు. ఆ బోర్డు రాసి పెరటి గోడకు కొట్టింది ఈయనే. దాని కిందే నిలబడి, ఫోను చెవిన పెట్టుకుని, టోపీ తీసి బెంచీ మీద పెట్టాడు. మొదట మెత్తగానే మొదలుపెట్టాడు. తల్లి ఏదో అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఆ బక్క మనిషి లోంచి వచ్చిన గొంతు ఇదీ అని చెప్పలేను. పెరడంతా మారుమోగింది. నాకు ఒక్క ముక్క తెలియకపోయినా, మేక ఎక్కడొచ్చిందో, పళ్ళు ఎక్కడొచ్చాయో తెలిసిపోయింది. గొంతు ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తాడు, ఎక్కడ దించాలో అక్కడ దించాడు. మధ్యమధ్య పిన్ని యాసలోకి వెళ్ళాడు కాబోలు, వేరే ముసలమ్మ వచ్చి నిలబడినట్టే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం ఆపలేదు.

కిటికీలు వరసగా తెరుచుకున్నాయి. ముఖీత్ మూడో అంతస్తు నుంచి సగం బయటికి వేలాడుతున్నాడు. "అక్కా, చాచాకు ఏమైంది? ఎవరితో కొట్లాట?"

"వాళ్ళమ్మతో మాట్లాడుతున్నారు. నువ్వు లోపలికి పో. సాయం చెయ్యకు."

ఫ్రావ్ కెర్న్ కిటికీ కూడా తెరుచుకుంది. నేను వచ్చీరాని జర్మన్‌లో, క్షమించండి, ఆయన తల్లికి ఒంట్లో బాగాలేదు, అన్నాను.

ఆవిడ బోర్డు చూసింది, గడియారం చూసుకుంది, ఆయన్ను చూసింది. "ఇన్నేళ్ళుగా ఈయనకు గొంతు లేదనుకున్నాను" అంది. పెరట్లో ఆడుకోవడానికి వచ్చిన పిల్లలను వేలితో వెనక్కి పంపించి, కిటికీ చప్పుడు కాకుండా మూసుకుంది.

చాచా ఆగాడు. ఫోను లోంచి ఏమీ రాలేదు. ఆయన నావైపు చూశాడు. తల్లిని చేజేతులా చంపేసినవాడిలా ఉన్నాడు.

అప్పుడు ఫోను బద్దలైనంత పనయింది. అటునుంచి ఆ ముసలావిడ ఎత్తుకుంది. నా కిటికీ దాకా వినబడింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ ఎత్తుకుంది. చాచా ఫోను చెవికి దూరంగా పట్టుకుని, నోరు తెరుచుకుని వింటూ బెంచీ మీద కూలబడ్డాడు. తర్వాత గొంతు మారింది, తమ్ముడి భార్య కాబోలు. చాచా తల ఊపాడు. ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

నేను వేడిపాలలో మిరియాలు, పసుపు వేసి తీసుకెళ్ళి బెంచీకి అటు చివర పెట్టాను, మీటరున్నర దూరంలో. ఆయన గొంతు పూర్తిగా పోయింది, గుసగుసగా వస్తోంది.

"చెల్లెలేనంది. ఈ నోరు ఇంకెవరికీ లేదంది. రొట్టె ఏదీ అని కోడలి మీద అరుస్తోంది. పాలలో ముంచుకుని తింటోందట."

"దేవుడికి స్తోత్రం" అన్నాను.

"ఆమీన్" అన్నాడు. పాలు తాగాడు. మాస్కు పైకి లాక్కుని, ఫోను వైపు అనుమానంగా చూశాడు.

"ఇంకేమిటి చాచా?"

"అమ్మ అన్నవి పిన్నికి చెప్పాలి. పొల్లు పోకుండా చెప్పమంది. అవి వీటికన్నా ఘోరంగా ఉన్నాయి."

"రేపు చెప్పండి. గొంతు రానివ్వండి."

"పిన్ని జవాబు కోసం కూర్చుని ఉంటుంది బేటీ" అన్నాడు. గోడ మీది బోర్డు వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకుని గురేజ్ నంబరు నొక్కాడు.